వెలగని ఎడమ దీపం

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. దానితోనే మొదలుపెడతాను, లేకపోతే మళ్లీ ధైర్యం చాలదు. ఆ రోజు ఎడమ దీపం వెలగలేదు. వెలగని దీపాన్ని చూసినట్టే మా మామయ్య మూడుసార్లు మీట నొక్కాడు, నేను ఆయన చూపు బాగున్నట్టే రిజిస్టరులో రాశాను. పదకొండో ఏటినుంచీ డైరీ రాసే అలవాటున్న దాన్ని, ఏ పూట ఏం కూర తిన్నానో కూడా రాసుకునేదాన్ని, ఆ తేదీ కింద మాత్రం "బల్బు మార్చాను" అన్న రెండే మాటలున్నాయి.

ఇప్పుడు నేను సుక్మాలో కంటి పరీక్షలు చేసే గదిలో పనిచేస్తున్నాను. పోయిన నెల మా గదికి కొత్త యంత్రం వచ్చింది. పెద్ద తెల్ల గిన్నెను నిలువుగా నిలబెట్టినట్టుంటుంది. అందులో గడ్డం ఆనించి నడిమధ్య చుక్కనే చూస్తూ కూర్చుంటే, చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట మినుకుమని వెలుగు వస్తుంది, వచ్చినప్పుడల్లా చేతిలోని మీట నొక్కాలి. దాన్ని బిగించడానికి రాయపూర్ నుంచి వచ్చినాయన ముందు నన్నే కూర్చోమన్నాడు. వెలుగులు వస్తున్నాయి, పోతున్నాయి, నాకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, కానీ నా వేలు కదలడం లేదు. "మేడమ్, సో గయీ క్యా?" అని నవ్వాడాయన, నిద్రపోయారా అని. నేను నిద్రపోలేదు. టక్‌మనే చప్పుడు కోసం కాచుకుని ఉన్నాను. ఈ యంత్రానికి చప్పుడే లేదు.

నా ఈడువాళ్లకు తీగ బల్బులు గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు అన్నీ తెల్లగా, చల్లగా వెలిగేవి వచ్చాయి గానీ, మా చిన్నప్పుడు ఇంట్లో దీపం వెలగకపోతే కుర్చీ వేసుకుని ఎక్కి, బల్బు విప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాళ్లం. లోపల తెగిన తీగ సన్నగా గలగలమంటే అది పోయినట్టు. కంటితో చూసేదాన్ని చెవితో తేల్చుకోవడం మాకు అంత మామూలు సంగతి. ఆ గలగల ఇంత కాలం నన్ను వెంటాడుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మాది మరైగూడ. ఊరి పొలిమేర దాటి కాస్త దూరం నడిస్తే రాష్ట్రం మారిపోతుంది. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, అంగట్లో దోర్లీ, అడవినుంచి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చేవాళ్లతో వచ్చీరాని గోండీ. ఇన్ని భాషలు తెలిసీ నేను ఏ భాషలోనూ ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. నలుగురిలో ఉంటే తల దించుకుని, అందరినీ కంటి కొసతో చూసేదాన్ని. కొంటాలో పన్నెండో తరగతి, జగదల్‌పూర్‌లో కళ్ల పరీక్ష నేర్పే చదువు అయ్యాక ఇంట్లో ఖాళీగా కూర్చుంటే, ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఉంటున్న మామయ్య వచ్చి నన్ను వెంట తీసుకుపోయాడు. మామయ్య మా అమ్మకు తమ్ముడు. మట్టి మోసే కూలీగా కొండెక్కి, రాయీ మట్టీ తరలించే పెద్ద డంపరు లారీ నడిపే దాకా వచ్చినవాడు. మా ఊళ్లో పిల్లలకు ఆయన డంపరు చక్రం ఎంత ఎత్తుంటుందో చెప్పాలంటే తాటిచెట్టెక్కి చేయి పెట్టి చూపించేవాడని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఆ టౌన్‌షిప్‌లో అన్నీ ఎర్రగా ఉండేవి. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది, గోడలకు, ఆకులకు, మనుషుల చెవి మడతల్లో కూడా అదే ఎర్ర దుమ్ము. మధ్యాహ్నం కొండ పేల్చే ముందు సైరన్ మోగితే, వంటింట్లో గిన్నెలు సర్దేవాళ్లు ఒక్క క్షణం ఆగి, ఆ ధబ్బుమనే మోత వినిపించాక మళ్లీ సర్దుకునేవాళ్లు. అక్కడ నాకు ఆస్పత్రిలో కంటి గది అప్పగించారు. కొండమీద పనిచేసేవాళ్లందరూ ఏడాదికోసారి ఆ గదిలోకి రావాలి. గోడమీద చార్టు, రంగు చుక్కల పుస్తకం, ఒక మూల బల్లమీద దీపాల పెట్టె. డాక్టరుగారు నెలకోసారి వచ్చి నా రిజిస్టరులో సంతకాలు చేసిపోయేవారు.

డాక్టరుగారు కోస్తా మనిషి, రిటైరవ్వడానికి దగ్గర పడ్డవారు, చెప్పడం అంటే ఇష్టం. వినేదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకే చెప్పేవారు. "కంట్లో రెండు రకాల కాపలావాళ్లుంటారమ్మాయ్. నడిమధ్య ఉండేవాళ్లు చదువుకున్నవాళ్లు. అక్షరాలు, రంగులు వాళ్లకే తెలుసు, కానీ వెలుగు సరిగా లేకపోతే పని చెయ్యరు. అంచుల్లో ఉండేవాళ్లకు చదువు రాదు. కానీ మసకలో కూడా పక్కన ఏదన్నా కదిలితే కేకేసేది వాళ్లే. మనం బతికి బట్టకట్టేది ఆ చదువురానివాళ్ల పుణ్యాన" అనేవారు. కొందరికి ఆ అంచు కాపలావాళ్లు ఒక్కొక్కరే రాలిపోతారని, మొదట రేచీకటిలా మొదలై, తర్వాత పగలు కూడా వెదురుబొంగులోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నంత మేరే మిగులుతుందని, అలాంటివాళ్లు చార్టులో చివరి వరుస కూడా గడగడ చదివేస్తారని చెప్పారు. ఇంకోమాట కూడా చెప్పారు. కన్ను చూసి మెదడుకు చెప్పి, అది చేతికి చెప్పేసరికి ఎంత చురుకైనవాడికైనా కొంత ఆలస్యం తప్పదట, చెవికి ఆ దారి దగ్గరట, అందుకే దీపానికి నొక్కేవాడికంటే చప్పుడుకు నొక్కేవాడు ముందుంటాడట. అవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను. ఆ మాటలు ఎవరికి వర్తిస్తాయో అప్పుడు నాకు తోచలేదు.

దీపాల పెట్టె సంగతి చెప్పాలి. అది కొన్నది కాదు, వర్క్‌షాపులో ఎవరో ఎలక్ట్రీషియన్ చేసి ఇచ్చింది. ఒక చెక్కకు మూడు దీపాలు, నడిమధ్య ఒకటి, అటూ ఇటూ బారెడు దూరంలో ఒక్కొక్కటి. డ్రైవరు నడిమి దీపాన్నే చూస్తూ కూర్చోవాలి. పక్క దీపాల్లో ఏది వెలిగితే ఆ వైపు మీట నొక్కాలి. నేను చెక్క వెనక కూర్చుని స్విచ్‌లు వేసేదాన్ని. స్విచ్ వేయగానే గడియారం ముల్లు కదిలేది, ఆయన నొక్కగానే ఆగేది. దీపం వెలిగిందో లేదో నాకు తెలియడానికి వెనకవైపు సూదిబెజ్జాలుండేవి. కుడి స్విచ్ కొత్తది, టిక్ అనేది. ఎడమది పాతకాలపు ఇత్తడి స్విచ్, టక్‌మని కొట్టేది. అందులో తప్పేముందని నాకు గాని, దాన్ని చేసినవాడికి గాని ఎప్పుడూ అనిపించలేదు.

పరీక్షల నెల వచ్చిందంటే క్వార్టర్ల వరసంతా పొన్నగంటి కూర వాసన. ఇంటాయన పరీక్ష వారం రోజులుందనగా ప్రతి ఇల్లాలూ కంటికి మంచిదని రోజూ అదే వండేది. అత్త, అంటే మామయ్య భార్య, పప్పులో వేసేది, వేపుడు చేసేది, పచ్చడి కూడా నూరేది. "ఏందే, నన్ను బర్రెను చేస్తున్నవా, పొద్దుమాపు గడ్డి పెడ్తున్నవ్" అని మామయ్య గొణిగేవాడు. "బర్రెకైన దారి కనబడ్తది, తిను" అనేది అత్త. వాళ్ల ఎగతాళి చూసి నేను నవ్వుకునేదాన్ని. ఆ మాటలో ఎంత భయం ఉందో అప్పుడు తెలియదు.

ఆ ఇంట్లో ఇంకో అలవాటుండేది. మామయ్యకు పక్కనుంచి ఏది అందించాలన్నా, మజ్జిగ గ్లాసైనా, తువ్వాలైనా, అత్త ముందుగా గాజులు గలగలలాడించేది. ఆయన అటు తల తిప్పాకే చేతికిచ్చేది. ఆమె చేతుల తీరే అంత అనుకున్నాను. ఒకసారి నేను ఎడమ పక్కనుంచి చప్పుడు చేయకుండా మంచినీళ్లు పెడితే, ఆయన మోచేయి తగిలి చెంబు దొర్లిపోయింది. "కోడలా, నువ్వు పిల్లిలెక్క నడుస్తవ్. పట్టీలు కొనిస్త, పెట్టుకో" అన్నాడు మామయ్య. మేనకోడల్ని కాబట్టి ఆయన నన్ను కోడలా అనే పిలిచేవాడు. ఆ ఆదివారం నిజంగానే పట్టీలు కొని తెచ్చాడు. అది ప్రేమే, అందులో అనుమానం లేదు. దానివెనక అవసరం కూడా ఉందని మాత్రం ఆలస్యంగా తెలిసింది.

నాకు చదివే పిచ్చి ఉందని ఆ ఇంట్లో కనిపెట్టింది కూడా ఆయనే. క్లబ్బు లైబ్రరీకి వెళ్లి పుస్తకం అడగడానికి నాకు సిగ్గు. ఆయనకు చదువు రాదు. అయినా డ్యూటీ దిగి, ఎర్ర దుమ్ము బట్టలతోనే లైబ్రరీకి వెళ్లి, తన కార్డు మీద తెలుగు పుస్తకాలు తెచ్చేవాడు. ఎలా ఏరుకొస్తావు మామా అంటే, "లావుది జూసి తెస్త. ఎక్కువ దినాలొస్తది" అనేవాడు. నేను ఈ రోజు నాలుగు మాటలు పొందికగా రాయగలుగుతున్నానంటే ఆ లావు పుస్తకాల చలవే. ఆ ఇంటి కూడు తిని, ఆయన తెచ్చిన పుస్తకాలు చదివి పెరిగినదాన్నని చెబితే, తర్వాత నేను చేసింది ఎందుకు చేశానో కొంతైనా అర్థమవుతుందేమో.

మామయ్య పరీక్ష రోజు వచ్చింది. తెల్లటి చొక్కా వేసుకుని, నూనె రాసిన తలతో, నన్నెప్పుడూ చూడనట్టు "నమస్తే మేడమ్" అంటూ గదిలోకి వచ్చాడు. నాకు నవ్వాగలేదు. చార్టు చదవలేనివాళ్ల కోసం కాళ్లున్న గుర్తుల చార్టు ఉంటుంది, కాళ్లు ఎటుంటే అటు చేయి చూపాలి. చివరి వరుస దాకా ఒక్కటీ తప్పలేదు. రంగు చుక్కల్లో దారి వేలితో గీసి చూపించాడు. కిటికీ పరదా వేసి దీపాల పెట్టె ముందు కూర్చోబెట్టాను.

కుడి వేశాను. సూదిబెజ్జంలో వెలుగు, ఆయన నొక్కాడు, ముల్లు ఆగింది. ఎడమ వేశాను. టక్. ముల్లు వెంటనే ఆగింది. ఎంత తొందరగానంటే ఆ నెలలో ఎవరూ అంత తొందరగా నొక్కలేదు. మామయ్య చురుకుదనానికి మురిసిపోతూ సూదిబెజ్జం వైపు చూస్తే అక్కడ చీకటి. సరిగ్గా చూడలేదేమో అని మళ్లీ వేశాను. టక్. వెలుగు లేదు, ముల్లు మాత్రం ఆగింది. మూడోసారి స్విచ్ మీద వేలు పెట్టి, వంగి, చెక్క పక్కనుంచి తొంగి చూశాను. ఆయన బుద్ధిగా నడిమి దీపాన్నే చూస్తున్నాడు, తల కాస్త పక్కకు వంచి, పాట వినేవాడిలా. టక్. ఆయన వేలు ఎడమ మీటమీద పడింది. దీపం నల్లగా ఉంది.

చెంబు దొర్లిన చప్పుడు, గాజుల గలగల, నా కాళ్ల పట్టీలు, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. "అయిపోయిందా మేడమ్?" అని ఆయన వేళాకోళంగా అడిగితే అయిపోయిందన్నాను. ఆయన లేచి గుమ్మం దగ్గర వంగి బూట్లు వేసుకుంటున్నాడు. ఏం చేయాలో తెలియక, చేతులకేదో పని కావాలన్నట్టు, ఎడమ బల్బు విప్పి చెవి దగ్గర పెట్టి ఊపాను. తెగిన తీగ గలగలమంది. బూటు తాడు కడుతున్న ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ముడి వేసుకుని వెళ్లిపోయాడు. నేను కొత్త బల్బు పెట్టి, గడియారం చూపిన అంకెలు రిజిస్టరులో రాసి, చివరి గడిలో "ఫిట్" అని రాశాను.

చెప్పేస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. డంపరు మీదినుంచి దించి తట్టలు మోసే పనికి పంపేవారు. క్వార్టరు పోయేది. ఊళ్లో తాటిచెట్టెక్కి చేయి చూపించిన మనిషి తలెత్తుకోలేకపోయేవాడు. చెప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు, కానీ అది అప్పటికింకా జరగలేదు. జరగనిదానికి బరువు తక్కువ. డాక్టరుగారు వచ్చాక చెబుదాం అనుకున్నాను. అలా అనుకుంటే ఆ పూటకు నిద్ర పట్టింది.

అప్పటినుంచి మామయ్య కొంచెం మారాడు. రోజూ అన్నం దగ్గర "డాక్టరు ఎప్పుడొస్తడే కోడలా?" అని అడిగేవాడు. పై మంగళవారం అని చెబితే, వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకునేవాడు. ఆయన భయపడుతున్నాడనుకుని, ఆ భయం తీర్చాలని, "అంతా బాగానే ఉంది మామా" అనేదాన్ని. ఆయన నా మొహంకేసి, సూటిగా, చాలాసేపు చూసేవాడు. ఆ మంగళవారం ఆయన పనికి పోలేదు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వరండాలో ఆస్పత్రి దారికేసి చూస్తూ పొద్దున్నుంచి కూర్చున్నాడు. డాక్టరుగారు రిజిస్టరు తెరిచారు. పేజీ పేజీకీ సంతకం పెట్టుకుంటూ పోతుంటే ఆయన పెన్ను వైపు చూస్తూ నిలబడ్డాను. మామయ్య పేరున్న పేజీ వచ్చింది, వెళ్లింది. సాయంత్రం ఇంటికెళ్లి, సంతకం అయిపోయింది మామా, అన్నాను, శుభవార్త చెప్పినట్టు. ఆయన లేచి లోపలికి వెళ్లి, ఇస్త్రీ చొక్కా విప్పి మడతపెట్టాడు.

ఆ తర్వాత వానలొచ్చాయి. కొండమీద వానాకాలమంటే మేఘాలు రోడ్డుమీదనే నడుస్తాయి, పట్టపగలే లైట్లేసుకుని పోవాలి. డంపర్లో నడిపేవాడి సీటు ఎడమవైపుంటుంది. మట్టి పారబోసే అంచుకు వెనక్కి వచ్చేటప్పుడు, నడిపేవాడికి కనిపించేలా ఎడమవైపు ఒక మనిషి నిలబడి జెండా ఊపాలి. మామయ్యతో ఏళ్లుగా పనిచేసిన జెండా మనిషి జెండాతోపాటు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల కూడా వేసేవాడట. ఇద్దరికీ మధ్య అది ఎప్పుడో కుదిరిన ఏర్పాటు. ఆ వారం అతను వాళ్ల ఊళ్లో విత్తనాల పండుగకని సెలవు పెట్టాడు. అతని బదులు భేజ్జి దగ్గరి ఊరాయన వచ్చాడు. నా గదిలో పరీక్షకు వచ్చినప్పుడు నన్ను దీదీ అని పిలిచాడు గనక నేను ఆయన్ను జెండా అన్న అనుకునేదాన్ని. ఆయన తనకు నేర్పినట్టే, పద్ధతి ప్రకారం, ఎడమవైపు నిలబడి జెండా ఊపాడు. ఈల వేయాలని ఆయనకెవరూ చెప్పలేదు.

సైరన్ వేళ కాని వేళ మోగింది. జెండా అన్న ప్రాణం దక్కింది, మామయ్య డంపరు చక్రం కింద ఎడమ కాలు మోకాలి పైదాకా పోయింది.

మామయ్య ఆ రోజు ఇంటికొచ్చి బురద బట్టలతోనే గోడకానుకుని కూర్చున్నాడు. అత్త ఏడవలేదు. "ఈల ఏసెటోడు లేకపాయె" అని ఒక్కమాట అని, నన్ను చూసి నోరు మూసుకుంది. ఆమెకూ తెలుసని, సెలవులో ఉన్న జెండా మనిషికీ తెలుసని, ఎవరికి వాళ్లం ఆయన మీది ప్రేమతోనే దాచామని, అప్పుడు తెలిసింది నాకు.

విచారణ జరిగింది. ఒక ఆఫీసరు కంటి గదికి వచ్చి రిజిస్టరు తెరిపించాడు. మామయ్య పేరు దగ్గర వేలు పెట్టి, ఎడమ దీపానికి అందరికంటే తొందరగా నొక్కింది ఈయనేనే, అని ఆశ్చర్యపోయాడు. ఇది నీ రాతేనా అని అడిగాడు. అవును సార్ అన్నాను. ఇంకేమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. ఆ అంకెలోనే నిజమంతా ఉంది. అంత వేగం కంటిది కాదు, చెవిది. డాక్టరుగారి మాటలు రాసుకున్న డైరీ అప్పుడు నా సంచిలోనే ఉంది. నడిపేవాడి చూపులో లోపం లేదు కాబట్టి జెండా మనిషే నిలబడకూడని చోట నిలబడ్డాడని కాగితం మీద రాసుకుపోయారు.

కొన్ని నెలల తర్వాత జెండా అన్న కర్ర సాయంతో నా గదికి వచ్చాడు. గేటు దగ్గర కూర్చునే పని ఏదైనా దొరుకుతుందేమోనని, దానికి కళ్ల చీటీ కావాలన్నారట. దీపాల పెట్టె ముందు కూర్చోబెట్టాను. కుడి, ఎడమ, మళ్లీ ఎడమ. అన్నీ వెలిగాయి, ఆయన వేలు దీపం వెలిగాకే, మనిషికి పట్టాల్సిన ఆ కొంచెం ఆలస్యంతో, నిజాయితీగా కదిలింది. చీటీ రాస్తుంటే అడిగాడు, "దీదీ, నా ఆఁఖే మంచిగున్నయ్ గదా? మరి నిలబడే జాగా నాకే కనబడలేదని రాసిండ్రేంది?" నేను తలెత్తలేదు. "జెండా ఊపిన, దీదీ. ఆయన నా దిక్కే మొఖం తిప్పిండు. నన్ను చూసిండు. చూసి గూడ ఒచ్చిండు. నేనేం జేసిన ఆయనకు?"

ఆయన నిన్ను చూడలేదు, అన్నా. ఈ ఒక్కమాట చెబితే చాలు. ఒక మనిషి తనను కావాలని తొక్కించాడన్న దిగులు ఆయన మనసులోంచి పోయేది. ఆ మాట చెప్పకుండానే చీటీ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, కర్ర టక్ టక్‌మని నేలకు తగులుతుండగా వెళ్లిపోయాడు. ఆ పని ఆయనకు దొరకలేదని, సొంత ఊరికి పోయాడని తర్వాత విన్నాను. సుక్మా వారపు సంతలో భేజ్జి వైపు మనుషులు కనిపిస్తే ఇప్పటికీ నా కళ్లు ముందు వాళ్ల కాళ్లమీద పడతాయి. ఆయన ఎప్పుడైనా ఎదురుపడితే ఏం చెబుతానో అని ఎన్నో వాక్యాలు రాసి కొట్టేశాను. ఎదురుపడడమెందుకు, బస్సెక్కితే ఆయన ఊరు నాకు ఎంతో దూరం కాదు. ఆ బస్సు ఎక్కలేదు.

మామయ్య మళ్లీ డంపరెక్కలేదు. గుండెలో నొప్పని చెప్పి పని మానుకుని, అత్తతో కలిసి మరైగూడ చేరాడు. నేను సుక్మాకు వచ్చేశాను. చూపు ఏటికేడు తరిగి, చివరికి వెదురుబొంగు కూడా మూసుకుపోయిందని అమ్మ ఫోనులో చెప్పేది. నేను వెళ్లేదాన్ని కాదు. సెలవు లేదనేదాన్ని, రోడ్డు బాగాలేదనేదాన్ని.

ఇప్పుడు చాలా మారిపోయాయి. కొత్త యంత్రం ముందు ఎవరూ చెవితో చూపును దొంగిలించలేరు. అంచు కాపలావాళ్లలో ఎవరు పడిపోయారో నల్లటి మచ్చలుగా కాగితం మీద గీసి చూపిస్తుంది. మా కాలానికి ఇది ఉంటే అని మొదట అనిపించింది. తర్వాత ఆలోచిస్తే, ఆ రోజు నాకు తెలియనిదేముంది? పొన్నగంటి కూర, గాజులు, ఈల, బల్బు, అన్నీ కలిసి చూపించాల్సింది చూపించాయి. కన్ను చూడడానికీ చేయి కదలడానికీ మధ్య కొంత ఆలస్యం తప్పదన్నారు డాక్టరుగారు. నా ఆలస్యం పన్నెండేళ్లయింది, ఇంకా ముల్లు ఆగలేదు.

పోయిన వేసవిలో వెళ్లాను. వానలు మొదలయ్యేసరికి మామయ్య పోయాడు కాబట్టి అదే ఆఖరిసారి. అత్త నీళ్లకు వెళ్లినట్టుంది. లోపల గది మసకగా ఉంది, ఆయన నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. నేను పిల్లిలానే నడిచి వెళ్లాను, పట్టీలు ఎన్నడో తీసేశాను. ఆయన్ను పలకరించే ధైర్యం లేక, గోడమీదున్న పాత నల్ల స్విచ్ వేశాను. టక్.

మంచం పట్టెమీదున్న ఆయన ఎడమ చేతి వేలు ఠక్కున కిందికి నొక్కింది.

నేను నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. ఆయనకు నవ్వొచ్చింది. చప్పుడు చేయకుండా వచ్చేది ఎవరో ఆయనకు తెలియదా.

"ఒచ్చినవా" అన్నాడు. నా వైపు కాకుండా దీపం ఉండాల్సిన వైపు మొహం తిప్పి అన్నాడు. "ఆ దినం ఎడమది ఎలగలే గదా. నువ్వు బల్బు ఊపినవ్, గలగల ఇన్న. నాకై నేను డంపరు దిగుతననెటందుకు నోరు రాలే. డాక్టరొచ్చిన దినం అంగీ ఏసుకుని కూసున్న, దించుతరని."

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. ఆయన చేయి గాలిలో వెతుక్కుని నా తల దొరికాక దానిమీద ఆగింది.

"నువ్వు చెప్తవనుకున్న, కోడలా."